రెట్ట వద్దట, పక్షి కావాలట!

ధనుర్మాసపు మంచు వీడకముందే మా పెరటి బాతులు నాలుగూ గోల మొదలుపెడతాయి. వాటి తొట్టి కడిగిన మురికినీటిని చిక్కుడుపాదుకూ వంగమొక్కలకూ పారించడమే ఈ కాలంలో నా తొలి పని. కొన్న ఎరువుకు ఆ సత్తువ ఎక్కడిది?

ఇటీవల మా వీధి చివరి చింతచెట్టును కొట్టించాలని కొందరు పట్టుబట్టారు. కొంగల రెట్ట బండ్లపై పడుతున్నదట! ఫ్లెమింగో పండుగ జరిగినప్పుడల్లా పిల్లలను వెంటబెట్టుకొని నేలపట్టుకు వెళ్ళేదీ వీరే. (ఫ్లెమింగోలు మేసేది పులికాట్‌లో, నేలపట్టు కడపచెట్లపై గూళ్ళు కట్టేవి గూడబాతులు. పేరొకరిది, కాపురమొకరిది.) 1976లో అభయారణ్యమైన ఆ చెరువులో రెట్ట కలిసిన నీరే పైరుకు బలమని అక్కడి రైతులు చెబుతారు. అనంతపురం సీమలోని వీరాపురంలోనైతే ఊరి నడుమ చింతచెట్లపైనే పెద్దకొంగలు పిల్లలను పెంచుకుంటాయి. ఊరివారు వాటిని అతిథులవలె కాపాడుకుంటారు.

రెట్ట వద్దు, పక్షి కావాలనడం పేడ వద్దు, పాలు కావాలనడమే కదా! బండిపై ఒక గోనెపట్టా కప్పుకొంటే తీరే చిక్కు ఇది. గూళ్ళలో పిల్లలున్నవి, అవి ఎగిరిపోయేవరకైనా గొడ్డలి ఆపండని అడిగాను. ఆలోచిద్దామన్నారు.