పిల్లికి కణ వైద్యమా?

"పిల్లికి జబ్బు చేస్తే డాక్టరెందుకు? ఇంకో పిల్లిని తెచ్చుకుంటే పోలే!" అని ఎవరైనా అంటే నలుగురమూ నవ్వుతాం. నవ్వితే తప్పులేదు. కాని సైన్సు చదువుతున్న వాళ్ళం గనుక నవ్వాక ఒక్క నిమిషం ఆలోచించాలి.

మా అన్నవరంలో కొండ కింద వీధుల్లో పిల్లులకు కొదవ లేదు. ఒక్కోసారి ఒక ఈత పిల్లలన్నీ వాంతులూ విరేచనాలతో నాలుగు రోజుల్లో పోతాయి. ఎవరో విషం పెట్టారంటారు పెద్దవాళ్ళు. విషమూ కావచ్చు, పాన్‌ల్యుకోపీనియా అనే వైరస్ జబ్బూ కావచ్చు. ఆ వైరస్ రక్తంలోని తెల్లకణాలను, అంటే ఒంటికి కాపలా కాసే దండునే, నాశనం చేస్తుంది. ఇంట్లో ఏడాది దాకా చావకుండా ఉండగలదు. దీనికి టీకా ఎన్నడో వచ్చింది. వేయించేవాళ్ళేరీ?

ఇక కణ వైద్యం సంగతి. వైరస్‌తో పోరాడే టి కణాలను రక్తంలోంచి తీసి, సీసాలో పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడం. వినడానికి సులువే. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం పిల్లుల లుకేమియా వైరస్‌ను కనుగొంది. 1993లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో ఆ వైరస్ సోకిన పిల్లులకు ఇలా పెంచిన కణాలూ, ఇంటర్‌ఫెరానూ, జిడోవుడిన్ మందూ కలిపి ఇచ్చారు. కొన్నిటి రక్తంలో వైరస్ జాడ పోయింది. మందు కూడా ఎందుకంటారా? ఆ వైరస్ కాపురముండేది ఆ కణాల్లోనే. ఉత్త కణాలు పోస్తే దొంగకు అన్నం పెట్టినట్టే! 1986లో కాలిఫోర్నియాలో బయటపడ్డ ఎఫ్.ఐ.వి.దీ ఇదే పేచీ. అది మన ఎయిడ్స్ వైరస్‌కు దగ్గర చుట్టం, అయితే మనుషులకు అంటదు.

పైగా నాలుగు కిలోల పిల్లి ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా పావు లీటరుకు మించదు. అందులోంచి ఎంతని తీస్తాం? మనుషుల లుకేమియాకే ఇలాంటి వైద్యం మన దేశంలో బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ వారి కృషితో 2023లో అనుమతి పొందింది. అదీ లక్షల్లో ఉంది.

అలాగని పిల్లి మీద పరిశోధన దండగ అనేవారితో నాకు పేచీయే. పిల్లుల కరోనా జబ్బు ఎఫ్.ఐ.పి. సోకితే ఒకప్పుడు ఆశ వదులుకోవలసిందే. 2019లో పెడర్సన్ బృందం జి.ఎస్. 441524 అనే మందుతో 31 పిల్లులకు వైద్యం చేస్తే 25 బతికి బట్టకట్టాయి. కోవిడ్ రోజుల్లో మనం విన్న రెమ్‌డెసివిర్‌కు అది సొంత చుట్టమే. లుకేమియా మందులకు దారి చూపిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మన భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివినవాడే కదా, ఆయన బొమ్మకు దండ వేసి ఊరుకుంటే ఎలా?

కనుక నా మాట ఇది: వీధి పిల్లికి కావలసింది టీకా, కణ వైద్యం కాదు. కణ వైద్యం మన ప్రయోగశాలకు కావాలి. జువాలజీ, మైక్రోబయాలజీ శాఖలు గన్నవరం పశువైద్య కళాశాల వారితో కలిసి ముందు మన ఊళ్ళ పిల్లుల్లో ఏ వైరస్ ఎంత ఉందో లెక్క తీయాలి. ఆ లెక్క తీసే పనికి యూనియన్ తరఫున మనమూ నలుగురం రక్తం సీసాలు మోయగలం.