గడి మాది, బిల్లు మాకేనా?

ఇంగ్లండ్‌లో సూపర్‌మార్కెట్ గుమ్మం పక్కన చక్రాల కుర్చీ బొమ్మ గీసిన గడులుంటాయి. వికలాంగులకి ఇచ్చే బ్లూ బ్యాడ్జ్ ఉన్న మనిషి అందులో కారు పెట్టుకుంటాడు. కొన్నాళ్ళకి ఒక ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది: వంద పౌండ్లు కట్టు. బ్యాడ్జ్ డాష్‌బోర్డు మీంచి జారిపోయిందట. తిరగబడి ఉందట. లేదంటే రెండు గంటల గడువు మీద పావుగంట ఎక్కువైందట. పద్నాలుగు రోజుల్లో కట్టేస్తే అరవైతో వదిలేస్తామని దయ కూడా ఒలకబోస్తారు. ఎవరి కోసం ఆ గడి గీశారో వాళ్ళనే పట్టుకుని డబ్బు గుంజే ఈ వ్యాపారానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘పార్కింగ్ నిర్వహణ’. నాకు మాత్రం దోపిడీలాగే కనబడుతుంది.

ఆ కాగితం చూస్తే పోలీసులు పంపారేమో అనిపిస్తుంది. కౌన్సిల్ వేసే జరిమానానీ పీసీఎన్ (పెనాల్టీ చార్జ్ నోటీసు) అంటారు, వీళ్ళ బిల్లునీ పీసీఎన్ (పార్కింగ్ చార్జ్ నోటీసు) అనే అంటారు. ఆ పోలికే వాళ్ళకి సగం రాబడి. నిజానికి ఇది ఒక కంపెనీ, ‘నా బోర్డు మీది షరతు తప్పావు’ అంటూ పంపిన బిల్లు. కట్టకపోతే అది సివిల్ కోర్టు తగాదా అవుతుంది, నేరం అవదు. ఈ సంగతి తెలియక మన తెలుగువాళ్ళు ఎంతమంది మర్నాడే కార్డు తీసి కట్టేస్తారో! వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ, పోతే పోయాయి అరవై పౌండ్లు అనుకుంటారు. కేర్‌హోముల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళకి అరవై పౌండ్లంటే ఎన్ని గంటల చాకిరీయో ఆ కంపెనీకి అక్కర్లేదు.

ఎదురు తిరిగితే కంపెనీ తీసే మొదటి అస్త్రం ఒకటుంది: ‘ప్రైవేటు స్థలంలో బ్లూ బ్యాడ్జ్‌కి చట్టబలం లేదు.’ అది సగం నిజం, అందుకే ప్రమాదం. ఆల్ఫ్ మోరిస్ అనే ఎంపీ పట్టుబట్టి తెచ్చిన 1970 చట్టం నుంచి పుట్టిన ఆ బ్యాడ్జ్ పథకం వీధుల్లోని పార్కింగ్‌కి వర్తిస్తుంది, నిజమే. వాళ్ళు మింగేసే రెండో సగం 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్. జనానికి సేవలందించే ఎవరైనా వికలాంగుల కోసం తగిన సర్దుబాట్లు చేసి తీరాలని, అవీ మనం వెళ్ళి అడిగాక కాదు, ముందే ఆలోచించి చేసి పెట్టాలని ఆ చట్టం చెబుతోంది. ఆ సర్దుబాటు ఖర్చు మన దగ్గర వసూలు చేయకూడదని కూడా 20వ సెక్షన్‌లో రాసి ఉంది. ప్రైవేటు స్థలమైనంత మాత్రాన ఈ చట్టం గేటు బయట ఆగిపోదు. దీనికి బ్యాడ్జ్ కూడా అక్కర్లేదు. ఏడాదో అంతకు మించో సాగే, రోజువారీ పనులకి గట్టిగా అడ్డుపడే శారీరక, మానసిక లోపం ఏదున్నా చాలు. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మకి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయి ఉంటే ఆమె కూడా ఈ చట్టం నీడలోకే వస్తుంది. పాస్‌పోర్టు రంగు దానికి పట్టదు.

నా ఎడమ కాలికి పోలియో. క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. కారు తలుపు బార్లా తెరవాలి, కాలు చేత్తో పట్టుకుని బయట పెట్టాలి, లేచి నిలబడి మోకాలి దగ్గర లాక్ వేసుకోవాలి, అప్పుడు ట్రాలీ పట్టుకోవాలి. తిరిగొచ్చాక ఇదంతా వెనక నుంచి ముందుకి. మామూలు పార్కింగ్ గడి వెడల్పు 2.4 మీటర్లయితే, మా గడి పక్కన ఇంకో 1.2 మీటర్లు అడ్డగీతలు గీసి వదులుతారు. అంటే మాకు చోటు ఎక్కువ కావాలని రంగు డబ్బా పట్టుకున్నవాడు ఒప్పుకున్నాడు. సమయం ఎక్కువ కావాలని కెమెరా పెట్టినవాడు మాత్రం ఒప్పుకోడు. గేటు దగ్గరి ఆ కెమెరాకి నంబరు ప్లేటు తప్ప ఏమీ కనబడదు. బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అంతే. పరుగెత్తే పాతికేళ్ళవాడికీ నాకూ ఒకే గడియారం పెట్టి, సమానంగా చూస్తున్నామంటారు! సరిగ్గా ఆ సమానత్వాన్నే చట్టం వివక్ష అంటుంది.

రెండో అస్త్రం సుప్రీం కోర్టు తీర్పు. చెమ్స్‌ఫర్డ్‌లో బ్యారీ బీవిస్ అనే ఆయన రెండు గంటల గడువు దాటి దాదాపు మరో గంట ఉండిపోయాడు. 85 పౌండ్ల బిల్లు మీద పోరాడి 2015లో ఓడిపోయాడు. అప్పట్నుంచీ ప్రతి ఉత్తరంలోనూ ఆ కేసునే చూపించి బెదిరిస్తారు. ఆ తీర్పు నిలబడింది దేని మీద? స్థలం ఖాళీ అవుతూ తర్వాతివాళ్ళకి అందాలి, అందులో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉంది అన్న మాట మీద. అయితే నేనడుగుతాను: డిసేబుల్డ్ బేలో వికలాంగుడే ఉన్నప్పుడు, బ్యాడ్జ్ సీటు కింద పడిందన్న కారణంతో బాదితే దెబ్బతిన్న ప్రయోజనం ఏమిటి? ఆ గడి ఎందుకుందో ఆ పనే చేసింది కదా. పైగా బీవిస్ కేసులో ఈక్వాలిటీ యాక్ట్ చర్చకే రాలేదు.

కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్నవాళ్ళు ‘రెండు నిమిషాలే కదా’ అంటూ మా గడిలో బండి ఆపి కాఫీకి పోవడం నేనూ చూస్తూనే ఉంటాను. వాళ్ళకి బిల్లు వేస్తే నేనే చప్పట్లు కొడతాను. కానీ బ్యాడ్జ్ కాపీ పంపాక కూడా ‘ఆ రోజు కనబడలేదు’ అంటూ వసూలుకి దిగే కంపెనీ ఆ గడిని కాపాడుతోందంటే నమ్మమంటారా?

ఇందులో ప్రభుత్వమూ వాటాదారే. మన పేరూ చిరునామా ఈ కంపెనీల చేతిలో పెట్టేది వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ, ఒక్కో రికార్డు రెండున్నర పౌండ్లకి. ఏడాదికి కోటికి పైగా రికార్డులు ఇలా చేతులు మారుతున్నాయి. ఈ కంపెనీలకి ముక్కుతాడు వేయడానికి గ్రెగ్ నైట్ అనే ఎంపీ చొరవతో 2019లో చట్టం వచ్చింది. దాని కింద 2022 ఫిబ్రవరిలో నియమావళి ప్రకటించారు. చాలా బిల్లులకి లండన్ బయట 50 పౌండ్ల పరిమితి పెట్టారు, వసూలు ఖర్చుల పేరిట అదనంగా బాదడం నిషేధించారు. కంపెనీలు కోర్టుకెక్కగానే జూన్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం మారింది, 2025 జులైలో మళ్ళీ అభిప్రాయ సేకరణ. మేం అభిప్రాయాలు చెబుతూనే ఉన్నాం, వాళ్ళు వంద పౌండ్లు వసూలు చేస్తూనే ఉన్నారు.

కాబట్టి కట్టకండి, పోట్లాడండి. మొదటి ఉత్తరం దుకాణానికి రాయండి. పార్కింగ్ కంపెనీ ఆ దుకాణం తరఫున పనిచేస్తుంటే, దాని వివక్షకి దుకాణమూ జవాబుదారీ. మేనేజరు కదలకపోతే హెడ్డాఫీసుకి రాయండి. ఒక్క మెయిలుతో రద్దయిపోయిన బిల్లులు కోకొల్లలు. కంపెనీకి రాసేటప్పుడు కారు ఎవరి పేరున ఉందో వాళ్ళుగా రాయండి. ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత లేదు. అద్దం మీద కాగితం పెట్టకుండా కెమెరాతోనే పట్టుకున్న కేసైతే, నోటీసు పద్నాలుగు రోజుల్లో ఇంటికి చేరాలని ఇంగ్లండ్, వేల్స్‌లకి 2012 చట్టం చెబుతోంది. చేరకపోతే యజమాని మీద పడే హక్కు వాళ్ళకి లేదు. కంపెనీ కాదంటే పోప్లా, లేదా ఐఏఎస్ అనే అప్పీలు సంస్థకి వెళ్ళొచ్చు. రెండూ పరిశ్రమ సంఘాలు పెట్టినవే గనక ఆశలు మరీ పెంచుకోవద్దు. పోప్లాలో ఓడినా ఆ తీర్పు మనల్ని కట్టిపడేయదు. తర్వాత వచ్చే అప్పు వసూలు ఏజెంట్ల ఎర్రక్షరాల ఉత్తరాలకి కోరల్లేవు. నిజంగా కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే మాత్రం గడువులోగా జవాబు వేసి తీరాలి. దాన్ని పక్కన పడేస్తే మన మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.

బిల్లుకి రాసే జవాబులో కేవలం ‘క్షమించి రద్దు చేయండి’ అని రాయకండి. వివక్ష జరిగిన నాటి నుంచి ఆరు నెలల్లోపు కౌంటీ కోర్టులో మనమే దావా వేయొచ్చు. మనసు గాయపడినందుకు ఇచ్చే పరిహారం అట్టడుగు తరగతిలోనే వెయ్యి పౌండ్లు దాటి మొదలవుతుంది. ఆ లెక్క మొదటి ఉత్తరంలోనే పెట్టండి. ‘ఈసారికి సద్భావనతో రద్దు చేస్తున్నాం’ అని వాళ్ళు రాస్తే, మరి మా పరిహారం ఎప్పుడు పంపుతున్నారని తిరుగు టపాలో అడగండి.