ఊరు కదలలేదు



మన రొళ్ల గ్రామములో ఎనుబది యేండ్లు నిండిన అవ్వ ఊరు విడువకయే మూడు రాష్ట్రముల పేర్లు చూచినది. పుట్టినప్పుడు మద్రాసు, 1953 అక్టోబరు 1 నుండి ఆంధ్ర, 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్. ఆమె పెద్దల కాలములో, అనగా 1882కు ముందు, ఈ సీమ బళ్లారి జిల్లాలోనిది. ఆ యేట అనంతపురం జిల్లా వేరుపడినది. 1953లో బళ్లారి పట్టణము మైసూరు రాష్ట్రములో చేరగా మనము ఇవతల నిలిచితిమి. 1985లో మడకశిర తాలూకా పోయి రొళ్ల మండలమాయెను. 2022 ఏప్రిల్ 4 నుండి మనది శ్రీ సత్యసాయి జిల్లా.

గీతలు మారినను ఇంటి మాట మారలేదు. ఇక్కడ అనేక ఇండ్లలో కన్నడ మాటలాడుదురు. బిడ్డలు బడిలో తెలుగు చదువుదురు. అట్టి బిడ్డను "నీది ఏ రాష్ట్రము?" అని ఎగతాళి చేయుట తగదు. గీతకంటె ఆ మాట పాతది.

తల్లిదండ్రులారా, పాత పట్టాలో అనంతపురం జిల్లా అని ఉన్నదని దానిని పారవేయకుడి. ఈ వారమే అవ్వతాతల యొద్ద కూర్చుండి, చేల పేర్లు, బావుల పేర్లు అడిగి బిడ్డలచేత వ్రాయించుడి. అవి ఏ ప్రభుత్వ పుస్తకములోను దొరకకపోవచ్చును.