ప్రేమ విందు వంటకాలు మార్చండి: తెలుగు సంఘాలకు ఒక విన్నపం

డిసెంబరు వచ్చిందంటే తెలుగు ఊళ్ళలో సెమీ క్రిస్మస్ సందడి మొదలవుతుంది. పూటకో కూడిక, వీధికో నక్షత్రం. పాటలయ్యాక పిల్లల నాటిక, నాటిక అయ్యాక వాక్యం. ఆఖరి ప్రార్థన ముగియకముందే వెనక షామియానా నుంచి మసాలా ఘుమఘుమలు వచ్చేస్తాయి. కేకు ముక్క, బిర్యానీ, కూల్ డ్రింకు, ఆపైన డబుల్ కా మీఠా. పండుగ అయిన వారానికే వాచ్ నైట్, కొత్త సంవత్సరం. జనవరిలో షుగరు పరీక్షకు వెళ్ళాలంటే చాలామందికి కాళ్ళు రావు.

మిగతా పదకొండు నెలలూ దీనికి పెద్ద తేడాగా ఏమీ ఉండవు. పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక, గృహప్రవేశ ప్రార్థన, పెళ్ళి, జ్ఞాపకార్థ కూడిక... ఏది జరిగినా చివరికి ప్రేమ విందే. ఆ విందును ఎత్తేయమని ఎవరూ అడగనక్కర్లేదు. సంఘమంతా కలిసి కూర్చుని తినడం అపొస్తలుల నాటి అలవాటు, పోగొట్టుకోకూడని అలవాటు. మారవలసింది విస్తట్లో పడుతున్న పదార్థాలు. ఆ మార్పు ఈ క్రిస్మస్ కాలంలోనే మొదలవాలని ఈ కరపత్రం కోరుతోంది.

లెక్కలు చూస్తే ఈ తొందర ఎందుకో తెలుస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళలో 35 శాతానికి పైగా రక్తపోటు ఉన్నవాళ్ళే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలైతే దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అంచనా వేశాయి. ఈ జబ్బులు గుడికి వెళ్ళేవారిని వదిలి మసీదుకు వెళ్ళేవారిని, చర్చికి వెళ్ళేవారిని వదిలి గుడికి వెళ్ళేవారిని పట్టుకోవు. ఆదివారం ఉదయం ఏ మందిరంలోనైనా ప్రార్థన మనవులు వింటే చాలు. షుగరు, బీపీ, గుండె, కిడ్నీ అన్న మాటలు వినబడని వారం ఉండదు.

మనవి వచ్చినప్పుడు సంఘం మోకరిస్తుంది. అదే సంఘం ఆరాధన ముగిశాక అదే మనిషి చేతిలో కూల్ డ్రింకు సీసా పెడుతుంది. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది. రోజంతటికీ కలిపి అదనపు చక్కెర 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా దాటిపోయింది. టీ, కేకు, మిఠాయి ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇలాంటి విందు ఎందుకు అలవాటైందో అర్థం చేసుకోకుండా నీతులు చెప్పడం తేలిక. తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలా వాటి పుట్టుక కరవుతో ముడిపడి ఉంది. 1876-78 నాటి మహా కరవులో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి దొరికేలా చూశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెదక్ మహా దేవాలయం కథా అలాంటిదే. కరవు రోజుల్లో పనికి తిండి అన్న పద్ధతిలో మిషనరీ చార్లెస్ పోస్నెట్ కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. గంజి కోసం రాళ్ళు మోసినవాళ్ళ మనవలు, మునిమనవలు నేడు ఆ నీడలో బిర్యానీ వడ్డించుకుంటున్నారు.

తెల్లన్నం ఒకప్పుడు ఆసాముల ఇంటి తిండి. కూలి జనానికి జొన్న సంకటి, రాగి అంబలి, కొర్రన్నమే గతి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక వరి అన్నం పేదింటి కుండలోకి రోజూ వచ్చింది. అది ఆకలి తీర్చింది, గౌరవాన్నీ ఇచ్చింది. అందుకే సంఘంలో ఎవరైనా లేచి ‘మళ్ళీ జొన్నలు తినండి’ అంటే పెద్దవాళ్ళ ముఖం చిన్నబోతుంది. వాళ్ళ చెవికి అది వెనకటి లేమిలోకి పొమ్మన్నట్టే వినిపిస్తుంది. ఆ నొప్పి తెలియని ఆరోగ్య బోధ ఎంత శాస్త్రీయమైనా సంఘంలో నిలవదు. పైగా పట్నం అంగట్లో కొర్రలు, అండు కొర్రలు ఇప్పుడు సన్నబియ్యం కంటే ప్రియం. కూలి పని చేసే విశ్వాసికి అవి కొనుక్కోమని చెప్పడం ఎగతాళి చేయడమే.

మాంసం మాటా ఇక్కడే తేల్చాలి. ఈ విన్నపం శాకాహార ప్రచారం అనుకుంటే పొరపాటు. ఎవరి కుండలో ఏ మాంసం ఉడుకుతోందని తొంగిచూసే రాజకీయానికి సంఘం తలుపు తెరవకూడదు. దేవుడు సృష్టించిన ప్రతిదీ మంచిదేనని, కృతజ్ఞతతో తీసుకుంటే ఏదీ పారవేయదగినది కాదని తిమోతికి రాసిన మొదటి లేఖ చెబుతోంది. పునరుత్థానుడైన యేసు తిబెరియ సముద్ర తీరాన శిష్యుల కోసం బొగ్గుల మీద చేపలు కాల్చి ఉంచాడు. బోధకులు తరచూ ఎత్తే దానియేలు సంగతి కూడా కొంచెం నెమ్మదిగా చదవాలి. బబులోనులో పది రోజులు శాకధాన్యాలు తిని నీళ్ళు తాగిన ఆ యువకుడు రాజు బల్ల మీది భోజనం తనను అపవిత్రపరుస్తుందని దాన్ని వద్దన్నాడు, ఒళ్ళు తగ్గించుకోవాలని కాదు. ముసలితనంలో మూడు వారాలు దుఃఖంతో మాంసం, ద్రాక్షారసం మానుకున్నాడని పదో అధ్యాయంలో ఉంది. మానుకున్నాడంటే మిగతా రోజుల్లో తినేవాడనే కదా.

బైబిలు పట్టించుకునేది ఎక్కువగా హద్దు గురించి, పంచుకోవడం గురించి. తేనె దొరికితే తగినంతే తినమని, మితిమీరితే కక్కుకోవలసి వస్తుందని సామెతల గ్రంథం నిర్మొహమాటంగా హెచ్చరిస్తుంది. అరణ్యంలో మన్నా కూర్చుకున్నప్పుడు ఎవరికెంత కావాలో అంతే. దాచుకున్నది తెల్లారేసరికి పురుగు పట్టింది. నాలుగో శతాబ్దపు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ మనిషిని పాడుచేసే ఎనిమిది తలంపులను లెక్కపెడుతూ తిండిపోతుతనంతో మొదలుపెట్టాడు. మన ప్రసంగాల్లో తాగుడు మీద, సినిమా మీద, నగల మీద పడే దెబ్బల్లో పదో వంతు కూడా దీని మీద పడదు. దేహం దేవుని ఆలయమన్న వచనాన్ని సిగరెట్టుకు అన్వయించే నోరు మూడో మారు బిర్యానీ దగ్గర మూతపడుతుంది.

ఇక పంచుకోవడం. కొరింథు సంఘంలో విందు ఎలా చెడిందో పౌలు దాచకుండా రాశాడు. ఉన్నవాళ్ళు ముందు వచ్చి తినేవారు, తాగి మత్తెక్కేవారు. లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవారు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకోండని ఆయన మందలించాడు. ఆ లేఖ మన షామియానా కింద చదివితే ఎవరు తలదించుకోవాలి? ముక్కలు ముందు వరుసకు, మసాలా నీళ్ళు వెనక వరుసకు వెళ్ళే విందులు మనకూ ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి ఉల్లిపాయలు తరిగి, పొయ్యి దగ్గర మాడిన స్త్రీల సమాజం అందరి తర్వాత, గిన్నె అడుగున మిగిలింది తింటుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. అంటే ఒకే పందిరి కింద ఒకరికి తిండి ఎక్కువై జబ్బు, మరొకరికి చాలక జబ్బు. యాయీరు కూతురును లేపిన వెంటనే యేసు చెప్పిన మాటల్లో ఒకటి ఆ పిల్లకు తినడానికేదైనా పెట్టమని. ఆ అద్భుతం మీద ఎన్నో ప్రసంగాలు వినిపిస్తాయి, ఆ ముద్ద మీద మాత్రం అరుదు.

పళ్ళెం మారిస్తే ఆయుష్షు మారుతుందా అని అడిగేవారికి కాలిఫోర్నియాలో జవాబుంది. సెవెంత్ డే అడ్వెంటిస్టులు 1860ల నుంచీ ఆహార నియమాన్ని విశ్వాసంలో భాగంగా పాటిస్తున్నారు. మన నూజివీడులోని గిఫర్డ్ స్మారక ఆసుపత్రి కూడా వాళ్ళు స్థాపించినదే. లోమా లిండా విశ్వవిద్యాలయం వాళ్ళ మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తోంది. కాలిఫోర్నియాలోని ఇతర తెల్లజాతీయులతో పోలిస్తే అడ్వెంటిస్టు పురుషులు సుమారు 7 ఏళ్ళు, స్త్రీలు 4 ఏళ్ళకు పైగా ఎక్కువ బతుకుతున్నారని 2001లో ప్రచురించారు. పొగ, మద్యం ముట్టకపోవడానికీ, వ్యాయామానికీ అందులో వాటా ఉంది కాబట్టి ఘనతంతా కూరగాయలకే కట్టబెట్టలేం. అదే రాష్ట్రంలో సాడిల్‌బ్యాక్ సంఘ కాపరి రిక్ వారెన్ 2011లో, ముందు తన బరువు గురించి తనే సంఘం ఎదుట ఒప్పుకుని, దానియేలు పేరుతో ఒక ఆరోగ్య ప్రణాళిక మొదలుపెట్టాడు. వేలమంది చేరారు. అక్కడ పనిచేసింది చిన్న చిన్న గుంపులుగా కలిసి నడవడం. వారం వారం కలుసుకునే గుంపులు మన సంఘాలకు కొత్త కాదు.

ఉపవాసం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు, నలభై దినాల శ్రమకాలానికి వచ్చేవారిలో మధుమేహం ఉన్నవారు తక్కువేమీ కాదు. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వేసుకుని కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. వైద్యుణ్ణి అడగకుండా వాళ్ళు ఉపవాసం ఉండకూడదని వేదిక మీది నుంచే ప్రకటించాలి. విశ్వాసంతో మాత్రలు మానేశానన్న సాక్ష్యానికి చప్పట్లు కొట్టడం ఆపాలి. రోగులకు వైద్యుడు కావాలని చెప్పింది యేసే. మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ గుంటూరులో 1898లో ఆసుపత్రి తెరిచింది ప్రార్థన మీద నమ్మకం లేక కాదు. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవారికి ఆహారం పంచేది. పొద్దంతా పస్తుండి రాత్రి రెండింతలు లాగించడానికి ఆ అధ్యాయంలో చోటు లేదు.

సంఘాలు చేయగలిగింది చాలానే ఉంది, ఖర్చు కూడా పెద్దగా పెరగనక్కర్లేదు. క్రిస్మస్ నాడు బిర్యానీ ఉండనివ్వండి. ఏడాదికొక పండుగను ఎవరూ తప్పుపట్టరు. మిగతా విందుల్లో అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర, వేపుడుకు బదులు ఒక కూరగాయ ఇగురు, చేపో కోడో గుడ్డో చేర్చండి. సంకటో, జొన్న రొట్టో ఒక మూల పెట్టండి. ఇష్టమైనవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అటు వెళ్తారు, చిన్నప్పటి రుచి తెలిసిన ముసలివాళ్ళు ముందుగా. కూల్ డ్రింకు బదులు మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు. రోజుకు 5 గ్రాములు దాటని ఉప్పు మేలంటున్నారు కనుక పచ్చడి, అప్పడం రెండూ ఒకే పూట వద్దు. సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పిన పిల్లకు చాక్లెట్టు బదులు పల్లీ చిక్కీ, జామకాయ, అరటిపండు ఇవ్వండి. వండినవాళ్ళు మొదటి పంక్తిలో కూర్చోవాలి. వడ్డన యవ్వనస్థులు, ముఖ్యంగా మగపిల్లలు చూసుకోవాలి.

కాపరులను కూడా కాపాడుకోవాలి. ఒక సాయంత్రం అయిదు ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళే దైవసేవకుడికి అయిదు చోట్లా పంచదార టీ, స్వీటు తప్పవు. కాదంటే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారని ఆయన భయం, పెట్టకపోతే అమర్యాదని వాళ్ళ భయం. ‘అయ్యగారికి మంచినీళ్ళు, ఒక పండు చాలు’ అని సంఘ పెద్దలు ఒక ఆదివారం ప్రకటిస్తే రెండు భయాలూ తీరుతాయి.

బల్ల ఆరాధన ఉండే ఆదివారం మందిరం వసారాలో ఒక బీపీ పరికరం, ఒక షుగరు మీటరు పెట్టండి. మన సంఘాల్లో నర్సులుగా పనిచేసే ఆడపడుచులకు కొదవలేదు. ఎక్కువ చూపించినవారిని దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. అక్కడ ఈ జబ్బులకు మాత్రలు ఉచితంగా ఇస్తారు.

సంఘ పెద్దలారా, క్రిస్మస్ వంటవాళ్ళకు బయానా ఇవ్వకముందే మీ కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు ఈ కాగితం బల్ల మీద పెట్టండి. స్త్రీల సమాజం నుంచి ఇద్దరిని, సంఘంలోని ఒక నర్సును ఆ కమిటీకి పిలవండి. వంటకాల జాబితా వాళ్ళ చేత రాయించండి.