ఇంజనుకు కళ్ళెం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వారి కాలంలో మోటారు బళ్ళు లేవు గాని, వుంటే 'ఇంజను మార్చి చూడు' అని మూడో మాట కూడా చేర్చి వుండేవారు. పైకి చూస్తే అదేమంత కష్టమనిపించదు. పాతది పైకి తీయటం, కొత్తది దించటం, నాలుగు బోల్టులు బిగించటం, అంతే గదా! కాని చిక్కంతా ఆ నాలుగు బోల్టుల దగ్గరే వుంది.

పాత బండికి కొత్త ఇంజను వేసే సరదా అమెరికాలో జాస్తి. అక్కడివారికి ముచ్చటైన బళ్ళలో ఒకటి 1947 నుంచి 1955 తొలి నెలల దాకా షెవ్రొలే కంపెనీ తయారుచేసిన పికప్. గుండ్రని ముఖం, వుబ్బిన మడ్‌గార్డులు, వెనక సామాను వేసుకునే తొట్టి. అందులో అర టన్ను రకాన్ని 3100 అంటారు. 1950 నాటి బండిలో వుండేది వరుసగా ఆరు సిలిండర్ల ఇంజను. దాని పరిమాణం 216 ఘనపు అంగుళాలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. బలం 90 గుర్రాల చిల్లర. పొలం నుంచి వూళ్ళోకి ధాన్యం తోలటానికి అది చాలు. ఈనాటి రహదారి మీద గంటకు 110 కిలోమీటర్లు పోవాలంటే పాపం రొప్పుతుంది. అందుకని చాలామంది దాన్ని తీసేసి, అదే కంపెనీవారి 350 ఘనపు అంగుళాల వీ-8 ఇంజను వేస్తారు. 1967లో వచ్చిన ఈ ఇంజను పొట్టిది, వెడల్పయినది, బలమైనది. పాత బండిలో తేలికగానే కూచుంటుంది. అయితే ఎక్కడ నిలుచుంటుందన్నదే ప్రశ్న.

ఇంజనును ఛాసిస్‌కు పట్టి వుంచే ఇనుప రెక్కలనూ, వాటి మధ్య రబ్బరు దిండ్లనూ కలిపి ఇంజను మౌంటింగులంటారు. మన షెడ్లలో మేస్త్రీలు 'ఫౌండేషన్' అంటారు. మంచి మాటే గాని, అందులో ఒక ప్రమాదం దాగి వుంది. పునాది అనగానే మనకు బరువు మోసేదే గుర్తుకొస్తుంది. ఇంజను ఫౌండేషన్ బరువు మోస్తుంది, నిజమే. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటి చేస్తుంది. ఇంజనును పైకి లేవనీయకుండా పట్టి వుంచుతుంది.

ఇంజను పైకి లేవటమేమిటి అంటారా? గోడకు రంధ్రం వేసే డ్రిల్లు మిషను మొన లోపల ఇరుక్కుంటే, చేతిలోని మిషనే మెలి తిరగబోతుంది. అనుభవమున్నవారికి ఆ సంగతి తెలుసు. ఇక్కడా అంతే. ఇంజను వెనక చక్రాలను ఒకవైపు తిప్పబోతే, ఆ చక్రాలు ఇంజనును రెండోవైపు తిప్పబోతాయి. డ్రైవరు సీట్లో కూచుని చూస్తే, బండి ముందుకు దూకేటప్పుడు ఇంజను ఎడమ పక్క పైకి, కుడి పక్క కిందికి పోతాయి.

చిన్న లెక్క వేద్దాం. ఇంజను మెలిపెట్టే బలం 40 కిలోగ్రాం-మీటర్లు అనుకోండి. మొదటి గేరులో అది రెండున్నర రెట్లు పెరిగిందంటే నూరయింది. రెండు ముందు మౌంటింగుల మధ్య దూరం అర మీటరు. నూరును అరతో భాగిస్తే 200. అంటే ఎడమ దిండును 200 కిలోల బలం పైకి లాగుతుంది. కుడి దిండును అంతే బలం కిందికి నొక్కుతుంది. ఇంజను, గేరుబాక్సు కలిపి మూడు వందల కిలోల చిల్లర. మూడు దిండ్లూ పంచుకుంటే ఎడమ దిండు వాటా సుమారు నూరు. ఆ నూరు కిలోల బరువును దాటి మరో నూరు కిలోలు రబ్బరును పైకి పీకుతున్నాయన్నమాట. గేరుబాక్సు కింది దిండు కొంత పంచుకున్నా, ఎడమ దిండు సాగక తప్పదు. మోయవలసిన దిండు వేలాడవలసి వస్తుంది!

ఈ సంగతి పుస్తకాల లెక్క మాత్రమే కాదు. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ కంపెనీ 1960ల మధ్య నుంచి చివరి దాకా తయారైన దాదాపు 67 లక్షల బళ్ళను వెనక్కు పిలిచింది. కార్లే గాక చిన్న ట్రక్కులు కూడా వాటిలో వున్నాయి. కారణం ఇంజను మౌంటింగు. రెండు ఇనుప పలకల మధ్య అతికించిన రబ్బరు వూడి వచ్చేది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కగానే ఇంజను ఎడమ పక్క లేచేది. లేస్తూ యాక్సిలరేటరు కడ్డీని తనతో లాగేది. కాలు తీసినా ఇంజను పరుగు తగ్గేది కాదు. బ్రేకుకు తోడుండే గొట్టం కూడా వూడితే, తొక్కవలసిన వేళ బ్రేకు బండబారిపోయేది. కంపెనీ చేసిన మరమ్మతు ఏమిటో తెలుసా? ఇంజను లేవకుండా ఒక ఉక్కు తీగెతో కట్టటం! తరువాత వచ్చిన మౌంటింగులలో ఇనుప భాగాలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని వుంటాయి. రబ్బరు పూర్తిగా చెడిపోయినా ఇంజను లేచిపోదు. పాత పికప్‌కు ఇంజను మార్చేవారు కొనవలసింది ఆ రకమే. చూడటానికి రెండూ ఒక్కలాగే వుంటాయి గనక అడిగి తెలుసుకోవాలి.

మరి రబ్బరు ఎందుకు, ఇనుముకు ఇనుము బిగిస్తే పోలేదా? మొదట్లో అలాగే బిగించేవారు. ఇంజను వణుకంతా బండిలోని మనిషి పళ్ళ దాకా వచ్చేది. 1931లో క్రైస్లర్ కంపెనీవారు ప్లిమత్ కారులో ఇంజనును రబ్బరు మీద వూగేట్టు నిలిపి 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టారు. మరుసటి యేడు ఫ్రాన్సులో సిత్రోయెన్ వారు ఆ పద్ధతి తీసుకున్నారు. అంటే రబ్బరు మెత్తగానూ వుండాలి, గట్టిగానూ వుండాలి. ఇల్లాలికీ అత్తగారికీ మధ్య నలిగే కొడుకు పరిస్థితి దానిది.

ఇక పనిలోకి వద్దాం. పాత ఆరు సిలిండర్ల ఇంజను ముక్కు కింద ఒకచోట, వెనక క్లచ్ గూడు దగ్గర రెండు పక్కలా ఆనుకొని వుండేది. 350 ఇంజనుకు పట్టు దొరికేది దిమ్మె రెండు పక్కలా. పక్కకు మూడు బోల్టులు. కాబట్టి ఛాసిస్ పట్టీలకు కొత్త రెక్కలు పెట్టాలి. గేరుబాక్సు తోక కింద కొత్త అడ్డదూలం వేయాలి. ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు చాలు. గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది; మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలిచినట్టు, మూడు చోట్ల పట్టిన ఇంజను ఆ మెలిని తన ఒంటికి తెచ్చుకోదు. పాత ఆనవాయితీ వదలలేక క్లచ్ గూడు దగ్గర కూడా బిగిస్తే ఛాసిస్ మెలి ఇంజను మీదికి వస్తుంది. ముందు రబ్బరు పెట్టి వెనక ఇనుముకు ఇనుము బిగించటం మరీ చెడ్డది. గేరుబాక్సు తోక పగులుతుంది.

పాత ఇంజను తీయకముందే, బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి వుండగా కొలతలు రాసుకోండి. ఇంజను సాధారణంగా వెనక్కు మూడు డిగ్రీల మేర వాలి వుంటుంది. కార్బురేటరు కూచునే తలం ఆ వాలుకు తగ్గట్టు చేసినదే. గేరుబాక్సు కొసా, వెనక యాక్సిల్ ముక్కూ ఒకదానికొకటి సమాంతరంగా వుండాలి. షాఫ్టు కీలు వంపు ఒకటి నుంచి మూడు డిగ్రీల లోపు వుంటే మేలు. 1954 దాకా ఈ అర టన్ను బండి షాఫ్టు గొట్టంలో మూసి వుండేది గనక, కొత్త గేరుబాక్సుతో పాటు వెనక యాక్సిల్ కూడా మార్చవలసి వస్తుంది. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

తరువాత ఖాళీలు చూసుకోవాలి. ముందు ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య ఒక అంగుళం. వెనక డిస్ట్రిబ్యూటరు మూత తీసి పెట్టే సందు. ఎడమ పక్క పొగ గొట్టానికీ స్టీరింగు పెట్టెకూ మధ్య తగినంత ఎడం. ఈ బండిలో ముందు యాక్సిల్ పట్టీల మీద పైకీ కిందికీ ఆడుతుంది. కాబట్టి నూనె తొట్టికీ యాక్సిల్‌కూ మధ్య ఖాళీని, యాక్సిల్ పూర్తిగా పైకి వచ్చినట్టు వూహించి కొలవాలి.

రెక్కలను మొదట రెండు మూడు చుక్కల వెల్డింగుతో నిలపండి. అన్నీ సరిపోయాయని తేలాక ఇంజనూ, రబ్బరు దిండ్లూ, బ్యాటరీ తీసేసి పూర్తిగా అతకండి. వేడి తగిలితే రబ్బరు అతుకు చెడుతుంది. మళ్ళీ దించేటప్పుడు బోల్టులన్నీ వదులుగా వుంచి, బరువు పూర్తిగా దిగాక అప్పుడు బిగించండి. ముందే బిగిస్తే రబ్బరు పుట్టుకతోనే మెలిపడుతుంది.

ఇంకో మాట. రబ్బరులో కరెంటు పారదు. ఇంజను నుంచి ఛాసిస్‌కు లావుపాటి ఎర్తు తీగె వేయకపోతే, స్టార్టరు కరెంటు యాక్సిలరేటరు తీగె గుండా దారి వెతుక్కుంటుంది. అది కాలి బిగుసుకుంటే మళ్ళీ పైన చెప్పిన ప్రమాదమే.

పని పూర్తయ్యాక, ఇంజను ఆపి వుండగా, చెక్క దిమ్మె అడ్డం పెట్టి జాకీతో ఎడమ పక్కను కొద్దిగా ఎత్తి చూడండి. రబ్బరు సాగాలే గాని ఇనుము నుంచి విడిపోకూడదు. నెల తిరిగాక బోల్టులు మళ్ళీ బిగించండి. యేడాదికొకసారి దీపం వెలుగులో రబ్బరు చూడండి. పై నుంచి నూనె కారుతూ వుంటే, ముందు ఆ కారటం ఆపండి. నూనె తాగిన రబ్బరు మెత్తబడి వూడుతుంది. దిండ్లను జతగా మార్చండి. బండి నడిపే మీ అబ్బాయి 'స్టార్టు చేసినప్పుడు ముందు ఏదో టక్కుమంటున్నది' అంటే, పాత బండి గదా అని తీసిపారేయకుండా, ఆ రోజే బానెట్ ఎత్తి ఎడమ దిండు చూడండి.