మూలం చెప్పని ప్రాజెక్టుకు మార్కులొద్దు

హైస్కూలు పిల్లల ప్రాజెక్టు పని ఎలా తయారవుతోందో తెలియని టీచరు లేరు. గోదావరి గురించి రాసుకు రమ్మంటే నెట్ సెంటరుకు పోతారు, లేదా ఇంట్లో ఫోను తీస్తారు. నాలుగు పేజీల ప్రింటు, రంగుల అట్ట, స్పైరల్ బైండింగు. చాట్‌జీపీటీ వచ్చాక ఆ వెతుకులాట కూడా తప్పింది. ఆ కాగితాలకు మార్కులు పడతాయి. ఈ మాట ఎవరన్నారు, ఎక్కడ దొరికింది, నిజమేనా అని అడిగేవారుండరు. నకలు కొట్టారని పిల్లలను తిట్టి లాభం లేదు. నకలుకు మార్కులేసి దాన్ని అలవాటు చేస్తున్నది బడే.

ఇది ఆగాలి. సమాచారం ఎక్కడిదో, దాన్ని ఎలా సరిచూసుకున్నారో రాయని ప్రాజెక్టుకు ఒక్క మార్కు కూడా వేయవద్దని విద్యాశాఖ స్పష్టంగా ఆదేశించాలి.

తెలంగాణలో గోదావరి తీరాన ఉన్న మన చెన్నూరు పిల్లలకు ఇలా సరిచూసుకునే చదువు మరీ అవసరం. ఇక్కడ ఉత్తర దిక్కుగా పారే గోదావరి గురించి తెలుసుకోవడానికి ప్రింటు కాగితం ఎందుకు? 2022 జూలై వరదలో నీళ్లు ఎవరి చేలలో ఎన్ని రోజులు నిలిచాయో రైతులు చెబుతారు. నష్టం లెక్కలు తహసీల్దారు కార్యాలయంలో ఉంటాయి. ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. రైతు చెప్పినదానికీ కాగితంలో ఉన్నదానికీ తేడా కనబడితే, ఎందుకొచ్చిందని అడిగిన పిల్లకే పూర్తి మార్కులు వేయాలి.

2023 అక్టోబర్ 21న గోదావరిపై ఉన్న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినప్పుడు ఒకే సంగతి ఛానల్‌కో రకంగా ఊళ్లకు చేరింది. ఆనకట్టల భద్రత సంస్థ నివేదిక ఒకటి, దాని మీద ఎవరికి వారు చెప్పుకున్నది మరొకటి. బ్యారేజీల వెనుక నీటితో పంట మునుగుతోందని మొత్తుకుంటున్న చెన్నూరు, కోటపల్లి మండలాల్లో పెరిగే పిల్లలకు ఈ రెంటినీ విడదీసి చదవడం నేర్పకపోతే ఇంకెవరికి నేర్పుతాం? ఏ పార్టీ వైపు నిలబడాలో బడి చెప్పనక్కర్లేదు. నివేదికలో ఉన్న మాటేదో, యాంకరు కలిపిన మాటేదో గుర్తుపట్టగలిగితే చాలు.

పత్తి విత్తనాల సంగతి ఇంకా బాధాకరం. జన్యుమార్పిడి పత్తిలో ప్రభుత్వ అనుమతి ఉన్నది బీజీ-2 రకం వరకే. కలుపు మందును తట్టుకుంటుందంటూ బీజీ-3 పేరుతో రైతులకు అంటగట్టే విత్తనానికి అనుమతి లేదు, బిల్లు ఉండదు, పంట పోతే పరిహారం అడగడానికి ఆధారమూ ఉండదు. విత్తన ప్యాకెట్టు మీద లాట్ నంబరు, మొలక శాతం, గడువు తేదీ, కంపెనీ చిరునామా చూసి, అనుమానం వస్తే వ్యవసాయ విస్తరణాధికారిని అడగడం తొమ్మిదో తరగతి పిల్లకు కష్టమేమీ కాదు. చదువుకుంటున్న బిడ్డ ఇంట్లో ఉండగా ఆ తండ్రి మోసపోతే, ఆ చదువు ఎవరి కోసమని బడి తనను తాను నిలదీసుకోవాలి.

సరిచూసుకోని మాట ప్రాణాలు కూడా తీస్తుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లను నమ్మి తెలంగాణలో అమాయకులను కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, పాటలతో ప్రజలకు నచ్చజెప్పించారు. కేరళలోని కన్నూరు జిల్లా కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ ఆ రోజుల్లోనే సర్కారు బడుల్లో అబద్ధపు వార్తలను గుర్తుపట్టే పాఠాలు మొదలుపెట్టించారు. మన దగ్గర పోలీసులు చేసిన పని బడులకు ఎందుకు చేరలేదు?

సిలబస్సే పూర్తికావడం లేదని టీచర్లు అనవచ్చు. ఆ ఇబ్బంది నిజమే. కానీ కొత్త పుస్తకం, కొత్త పీరియడ్ ఏమీ అడగడం లేదు. ఎలాగూ దిద్దుతున్న ప్రాజెక్టునే వేరుగా దిద్దమంటున్నాం. నాలుగు పేజీల బదులు ఒక్క పేజీ చాలు, చేత్తో రాయాలి, ఇద్దరు మనుషులనైనా అడిగి ఉండాలి, పుస్తకమైతే పేరు, ఫోనులో చూసిందైతే ఎవరు పెట్టారో, ఏ తేదీదో రాయాలి. ఇక పుస్తకాల సంగతి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయాన్ని బడి పిల్లలకు వారానికో పూట కేటాయించమని జిల్లా గ్రంథాలయ సంస్థను అడిగే హక్కు మనకుంది.

ఆదేశాలు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. చెన్నూరు, కోటపల్లి మండలాల ప్రధానోపాధ్యాయులు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్ఏ) ప్రాజెక్టుల నుంచే ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు.