టన్నులు పెరిగినయ్... బతుకులు?

తట్టా చెమ్మస్ పోయి యంత్రం వచ్చినప్పుడు సింగరేణిలో ఏడ్చినవాళ్లు తక్కువే. నడుము విరిగేలా బొగ్గు నింపిన ఫిల్లర్‌కు కొడుకు కూడా అదే పని చేయాలని ఎందుకుంటుంది? యంత్రంతో మాకు పగ లేదు. మా తగాదా లెక్క దగ్గర.

1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు ఏడాదికి దాదాపు 2 కోట్ల టన్నుల బొగ్గు తీశారు. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. పర్మినెంటు కార్మికులేమో నలభై వేల పైచిలుకు మిగిలారు. తలకు 200 టన్నులు లేనిది 1,700కు చేరిందని పాలకులు చంకలు గుద్దుకోవచ్చు. కానీ ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులు ఈ భాగహారంలో ఎక్కడున్నారు? ఆ పాతిక వేల మందిని కలిపితే తలకు వెయ్యి టన్నుల చిల్లర. సరే, అదీ ఐదింతలే. ఆ ఐదింతల్లో ఎవరి పళ్లెంలో ఎంత పడింది?

2024లో పంచిన లాభాల వాటా చూడండి. పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు. అదీ మొదటిసారి ఇచ్చారని పండుగ చేశారు! పర్మినెంటు అన్నకు ఎక్కువిచ్చారని మేము అనడం లేదు, అది కొట్లాడి తెచ్చుకున్న హక్కు. కానీ ఇద్దరూ మింగే దుమ్ము ఒక్కటే కదా.

ఇక భూమి ఇచ్చిన ఊళ్ల సంగతి. బ్లాస్టింగుకు గోడలు నెర్రెలిచ్చాయి. ఊరి పిల్లలకు మిగిలింది మట్టిగుట్టల నీడ. తెలంగాణ బొందలగడ్డ అవుతుందని ఉద్యమంలో వేదికలెక్కి గర్జించిన నాయకులకు చప్పట్లు కొట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. 2011 సకల జనుల సమ్మెలో బావులు బంద్ పెట్టి ఢిల్లీకి సెగ తగిలించింది ఈ కార్మికులే. 2014లో రాష్ట్రం వచ్చింది. బొగ్గులో ఎక్కువ భాగం ఇవాళ కూడా ఓపెన్‌కాస్టులదే.

టెండరు కాగితంలో మట్టికి రేటు రాస్తారు. డంపర్ తోలే పిల్లగానికి రేటు ఎందుకు రాయరు? 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగి అడిగింది అంతకన్నా ఎక్కువేం కాదు: కోల్ ఇండియా తరహా హైపవర్ కమిటీ వేతనాలు. భూమి పోయిన ఇంటి పిల్లలకు షావెల్, డంపర్ శిక్షణ ఇచ్చి, ఆ స్టీరింగు ముందు వాళ్ల చేతికే ఇయ్యాలె. వచ్చే టెండర్లలో ఈ రెండు షరతులు రాస్తారా లేదా, యాజమాన్యం చెప్పాలి. 51 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వమూ చెప్పాలి.